బోర్డు మీది పేరు, రికార్డులోని పేరు

కొత్తగా కొట్టు పెట్టుకునేవాడికి డబ్బు కంటే ముందు కావలసిన పెట్టుబడి పేరు. గదికి అడ్వాన్సు ఇవ్వక ముందే, సరుకు దించక ముందే ఇంట్లో పేరు గురించి చర్చ మొదలవుతుంది. మెజారిటీ సమాజంలో ఆ చర్చ ఇలవేల్పు పేరా, తల్లి పేరా, కూతురి పేరా అన్న దగ్గర తిరుగుతుంది. ఎన్ని అక్షరాలుంటే కలిసొస్తుందో చెప్పేవాళ్ళూ ఉంటారు. ముస్లిం ఇంట్లో వీటన్నిటితో పాటు ఇంకో ప్రశ్న వచ్చి మధ్యలో కూర్చుంటుంది. ఈ పేరు చూసి గిరాకీ లోపలికి వస్తుందా, వెనక్కి తిరుగుతుందా? రేపు ఊళ్ళో ఏదైనా గొడవైతే మొదటి రాయి ఈ బోర్డు మీదే పడుతుందా?

ఇదేదో కొద్దిమంది సమస్య కాదు. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక లెక్క ప్రకారం పనిచేసే ముస్లింలలో నూటికి 61 మంది స్వయం ఉపాధి మీద బతుకుతున్నారు. హిందువుల్లో వీళ్ళు 55 మంది. పట్టణాలకు వచ్చేసరికి ఆ అంకెలు 57, 43. నౌకరీ దొరకని చోట పంక్చరు కొట్టు, పండ్ల బండి, వెల్డింగ్ షాపు, టైలరింగ్, చికెన్ సెంటరు. జీతగాడి పేరు హాజరు పట్టీలో ఉంటే చాలు. కొట్టువాడి పేరు మాత్రం బజారులో వేలాడాలి. అందుకే పేరు చరిత్ర మనకు బతుకు చరిత్ర. ఆ చరిత్ర రాజుల కథల్లో దొరకదు. బోర్డుల మీదా, రిజిస్టర్లలోనూ దొరుకుతుంది.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. ఒక్కడే యజమానిగా నడిపే కొట్టుకు చట్టం దృష్టిలో విడిగా ఉనికి లేదు. బోర్డు మీద 'స్టార్' అని రాయించుకున్నా, 'భారత్' అని రాయించుకున్నా చట్టపరంగా ఆ వ్యాపారం పేరు ఆ మనిషి పేరే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 30వ ఆర్డరులో పదో రూలు ఒకటుంది. సొంత పేరు కాక వేరే పేరు పెట్టుకుని వ్యాపారం చేసేవాడి మీద ఆ వ్యాపారం పేరుతోనే ఎవరైనా దావా వేయవచ్చు. కానీ అతను తన బాకీ వసూలుకు దావా వేయాలంటే తల్లిదండ్రులు పెట్టిన పేరుతోనే కోర్టు మెట్లు ఎక్కాలి. అంటే పెట్టుకున్న పేరు దెబ్బలు తినడానికి పనికొస్తుంది, హక్కు అడగడానికి పనికిరాదు. న్యాయవాదులకు ఇది మామూలు రూలు. బోర్డు మీద ఒక పేరుతో, ఇంట్లో ఒక పేరుతో బతికే ముస్లిం దుకాణదారుకు మాత్రం ఇది తన జీవితం గురించి రాసిన వాక్యంలా కనపడుతుంది.

ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టుకుంటే అది భాగస్వామ్య సంస్థ. దానికి 1932 నాటి భాగస్వామ్య చట్టం ఉంది. హైదరాబాద్ రాష్ట్రానికి అది 1951లో వచ్చింది. 58వ సెక్షన్ ప్రకారం సంస్థ పేరుతో పాటు భాగస్వాములందరి పూర్తి పేర్లూ, శాశ్వత చిరునామాలూ రిజిస్ట్రారుకు ఇవ్వాలి. పేరులో 'రాయల్', 'కింగ్', 'ఇంపీరియల్' లాంటి మాటలు, ప్రభుత్వ అండ ఉందనిపించే మాటలు సర్కారు రాతపూర్వక అనుమతి లేకుండా ఉండకూడదు. రిజిస్టరు చేయించుకోకపోతే శిక్ష లేదు. కానీ 69వ సెక్షన్ ప్రకారం ఆ సంస్థ బయటివాళ్ళ మీద ఒప్పందం బాకీకి దావా వేయలేదు. నోటి మాట మీద, నమ్మకం మీద జట్టు కట్టే మన చిన్న వ్యాపారులు ఈ ఒక్క సెక్షన్ తెలియక ఎంత బాకీ వదులుకున్నారో ఏ లెక్కలకూ ఎక్కదు.

కంపెనీ అయితే 2013 కంపెనీల చట్టం. అదే పేరుతోగానీ, మరీ దగ్గరి పేరుతోగానీ ఇంకో కంపెనీ ఉండకూడదు. ఏ వర్గాన్నీ నొప్పించే మాట ఉండకూడదు. దేశభక్తి చాటుకుందామని గాంధీ, నెహ్రూ పేర్లు పెట్టుకుందామన్నా 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం ఒప్పుకోదు. ట్రేడ్ మార్కు విషయంలో కూడా మత విశ్వాసాలను గాయపరిచే గుర్తు రిజిస్టరు కాదు. అగరుబత్తీలకు రామాయణం పేరు మీద ఒకరికే హక్కు కుదరదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. పవిత్ర గ్రంథం పేరు ఒకరి సొత్తు కాదన్న ఆ సూత్రం ఖురాన్‌కూ, బైబిల్‌కూ కూడా వర్తించేదే. ఇవన్నీ చదివాక తేలేది ఒకటే. మతం తెలిసే పేరు పెట్టుకోవద్దని గానీ, తప్పక పెట్టుకోవాలని గానీ ఈ చట్టాలు అనడం లేదు. చట్టం కాగితం మీద మనిషికి పేరు ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చింది. బజారు ఆ స్వేచ్ఛను తిరిగి లాక్కుంది.

తెలంగాణలో ఈ మాట ఎత్తగానే వచ్చే జవాబు మనందరికీ కంఠతా వచ్చు. 'మీరేలిన రాజ్యమే గదా, అన్నీ మీ పేర్లే గదా' అంటారు. వరంగల్‌లో 1934 నాటి ఆజంజాహి మిల్లు, బోధన్‌లో 1937 నాటి నిజాం షుగర్ ఫ్యాక్టరీ, హైదరాబాద్‌లో మొజంజాహి మార్కెట్ చూపిస్తారు. అవి పాలకుడి పేర్లు, పాలకుడి కొడుకుల పేర్లు. ఆజంజాహి మిల్లులో పనిచేసిన ముస్లిం కార్మికుడికీ, అతని పక్కన నిలబడ్డ పద్మశాలి కార్మికుడికీ ఆ పేరులో సమానమైన వాటా ఉంది. అంటే ఇద్దరికీ ఏమీ లేదు. రాజు పేరును తెచ్చి పంక్చరు కొట్టువాడి మెడలో వేలాడదీయడం చరిత్ర చదవడం కాదు.

పాలకుల పేర్లు పక్కన పెట్టి వ్యాపారుల పేర్లు చూస్తే వేరే చరిత్ర కనపడుతుంది. హైదరాబాద్ సంస్థానానికి 1320 ఫసలీ నాటి సొంత కంపెనీల చట్టం ఉండేది. దాని కింద 1930లో వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ రిజిస్టరయింది. చార్మినార్ సిగరెట్టు దానిదే. 1983లో ఆ పేరు వి.ఎస్.టి. ఇండస్ట్రీస్ అయింది. వజీర్ సుల్తాన్ మూడు పొడి అక్షరాల్లోకి వెళ్ళిపోయాడు. 1942లో సంస్థానం ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్‌తో కలిసి అల్లాఉద్దీన్ అండ్ కంపెనీ ఆల్విన్ మెటల్ వర్క్స్ పెట్టింది. ఇవాళ ఆల్విన్ కాలనీ అని రోజూ పలికే జనంలో ఎంతమందికి ఆ పేరు వెనక ఒక అల్లాఉద్దీన్ ఉన్నాడని తెలుసు? ఇందులో కుట్ర ఉందని నేననడం లేదు. కంపెనీలు పేర్లు కుదించుకోవడం లోకంలో ఉన్నదే. కానీ కుదించుకుపోయిన పేర్లలో ఎవరున్నారో జనానికి గుర్తు చేసేవాళ్ళు లేకపోతే, ఈ నేల మీద మనం కట్టిందేమీ లేదన్న మాట నిజమై కూర్చుంటుంది.

సంస్థానం బయట కూడా ఇంతే. 1935లో బొంబాయిలో ఖ్వాజా అబ్దుల్ హమీద్ పెట్టిన కంపెనీ పేరు కెమికల్, ఇండస్ట్రియల్ అండ్ ఫార్మాస్యూటికల్ లేబొరేటరీస్. మన మందుల డబ్బాల మీది సిప్లా అదే. 1945లో అమల్నేర్‌లో మహమ్మద్ హాషిం ప్రేమ్‌జీ పెట్టింది వెస్టర్న్ ఇండియా వెజిటబుల్ ప్రొడక్ట్స్. అదే విప్రో. ఇవి సరుకును, ప్రాంతాన్ని చెప్పే పేర్లు. వీటికి ఎదురుగా ఇంకో వరస ఉంది. 1906లో ఢిల్లీలో హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ దవాఖానాకు పెట్టిన పేరు హమ్‌దర్ద్, అంటే బాధను పంచుకునేవాడు. 1920లో హైదరాబాద్‌లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ మందుకు పెట్టిన పేరు జిందా తిలిస్మాత్, సజీవమైన మాయ. జలుబు చేస్తే ఆ మందు సీసా వెతికే చేతులకు మతం లేదు. హైదరాబాద్ హోటళ్ళ పేర్లు చూడండి. ప్యారడైజ్ 1953లో ఆ పేరుగల సినిమాహాలు దగ్గర చిన్న కేఫ్‌గా మొదలైంది. బహార్ అంటే వసంతం. షాదాబ్ అంటే పచ్చగా కళకళలాడేది. ఇవి ఉర్దూ మాటలేగానీ మతం మాటలు కావు. ఉర్దూ మాట వినపడగానే మసీదు కనపడే చూపు మనది కాదు, చూసేవాళ్ళది.

పట్నం వదిలి ఊళ్ళోకి వస్తే అసలు బోర్డే ఉండదు. 'సాయిబు కొట్టు' అంటే చాలు. రికార్డులో ఏ పేరున్నా ఊరు పెట్టిన పేరు అదే. ప్రేమగా పిలిచినా, తేలిగ్గా పిలిచినా మనిషిని జాతి పేరుతో పిలవడమే అది. పత్తి ఏకే దూదేకులకు ఆ పాటి కొట్టు కూడా లేదు. బద్ద భుజాన వేసుకుని ఊరూరా తిరగడమే వ్యాపారం. వాళ్ళ పేర్లు సగం తెలుగు, సగం అరబ్బీ. ఇటు ముస్లింలమనుకునేవాళ్ళు పూర్తిగా కలుపుకోలేదు, అటు వాళ్ళూ కలుపుకోలేదు. ఇక నెల్లూరు జిల్లా కసుమూరు దర్గా మహిమతో, గుంటూరు మస్తాన్ దర్గా మహిమతో పుట్టిన మస్తాన్‌రావులు, మస్తానమ్మలు ఎందరో ఉన్నారు. 'మస్తాన్ టీ స్టాల్' బోర్డు చూసి లోపలున్నది ఎవరో చెప్పగలవాడు ఎవడు? మన జనం పేర్లను ఎప్పుడో కలిపేసుకున్నారు. వేరు చేసే పని తరువాత మొదలైంది.

స్త్రీల మాట అసలే ఎత్తం. ఇంట్లో మిషన్ కుట్టే, బీడీలు చుట్టే, అచారు పెట్టి అమ్మే బీబీలకు బోర్డు లేదు, పేరూ లేదు. లోను కోసం బ్యాంకుకు వెళ్ళిన రోజున మాత్రం ఒక కార్డులో బేగం, ఇంకో కార్డులో బీ అని ఉంటుంది. ఇద్దరూ ఒకరేనని ఆమె ప్రమాణ పత్రం రాసివ్వాలి. భర్త పేరు మీద రిజిస్టరయిన కొట్టును ఏళ్ళ తరబడి నడిపేది ఆమె అయినా రికార్డులో ఆమె కనపడదు. మన పేర్లను బజారు మింగేస్తోందని బాధపడే మనం మన ఇళ్ళలో మింగేసిన పేర్లను కూడా లెక్క పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు రాజకీయానికి వద్దాం. 'లక్ష్మీ జనరల్ స్టోర్స్', 'శ్రీ వెంకటేశ్వర మెడికల్స్' మనకు ఉత్త పేర్లుగా కనపడతాయి. 'మదీనా', 'బిస్మిల్లా' మాత్రం మతం పేర్లుగా కనపడతాయి. రెండూ భక్తితో పెట్టుకున్నవే. రెండూ బర్కత్ కోసమే. కానీ మొదటిది గాలిలా అంతటా ఉంటుంది కాబట్టి ఎవరి కంటికీ ఆనదు. రెండోది కంట్లో నలుసవుతుంది. మెజారిటీ మతం సంస్కృతి అనిపించుకుంటుంది, మైనారిటీ సంస్కృతి మతం అనిపించుకుంటుంది. దీన్ని తట్టుకోలేకే మనవాళ్ళు న్యూ, స్టార్, నేషనల్, ఇండియన్, ఫ్రెండ్స్ అనే పేర్ల నీడన చేరారు. తమాషా ఏమిటంటే ఆ పేర్లు కూడా కొన్ని వీధుల్లో ముస్లిం పేర్లుగా గుర్తుపట్టబడుతున్నాయి. తప్పించుకోవడానికి వేసుకున్న ముసుగే ఆనవాలైంది.

అయితే మతం లేని పేరు పెట్టుకున్న ప్రతివాడూ భయపడి పెట్టుకున్నాడనడం కూడా అన్యాయం. మన పెద్దల్లో ఒక అదబ్ ఉంది. అల్లా పేరు, రసూల్ పేరు ఉన్న కాగితం కాళ్ళ కింద పడకూడదు. పొట్లం మీద, బిల్లు మీద, చేతి సంచీ మీద పవిత్ర నామం అచ్చు వేస్తే అది రేపు చెత్తకుండీలో తేలుతుంది. అందుకే బిస్మిల్లాకు బదులు 786 రాసుకునే అలవాటు వచ్చింది. కొట్టుకు కొడుకు పేరో, చంద్రుడి పేరో, పువ్వు పేరో పెట్టుకోవడం వెనుక ఈ గౌరవం కూడా ఉంది. గౌరవంతో దాచుకున్నది వేరు, భయంతో దాచింది వేరు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి.

మరి దాచుకున్నందువల్ల రక్షణ దొరికిందా? గుజరాత్‌లో హోటళ్ళు నడిపే చెలియా ముస్లింలు ఏళ్ళుగా మతం తెలియని పేర్లు, కొన్నిచోట్ల హిందూ పేర్లే పెట్టుకున్నారు. శాకాహారమే వడ్డించారు. 2002లో ఆ హోటళ్ళు కూడా తగలబడ్డాయి. దాడికి వచ్చినవాళ్ళ చేతుల్లో ముస్లింల ఇళ్ళ, ఆస్తుల చిరునామాలున్న కంప్యూటర్ జాబితాలు ఉన్నాయని హ్యూమన్ రైట్స్ వాచ్ అదే ఏడాది నివేదికలో రాసింది. బోర్డు మీద లేని పేరును కాగితాల్లో వెతికి పట్టుకున్నారు. పన్ను కోసం, లైసెన్సు కోసం మనమే ఇచ్చిన పేరు ఎవరి చేతికి చేరుతుందన్న ప్రశ్న అప్పటి నుంచి ప్రతి రిజిస్ట్రేషన్ ఫారం వెనుకా ఉంది.

పేరుతో మనిషిని కనిపెట్టవచ్చనుకునేవాళ్ళ తెలివి ఎంతటిదో కరాచీ బేకరీ కథ చెబుతుంది. దేశ విభజన తరువాత హైదరాబాద్ చేరిన సింధీ హిందువు ఖాన్‌చంద్ రామ్నాని 1953లో మొజంజాహి మార్కెట్ దగ్గర దాన్ని పెట్టాడు. పోగొట్టుకున్న ఊరి పేరు పెట్టుకున్నాడు. 2019లో పుల్వామా దాడి తరువాత బెంగుళూరులోని శాఖ బోర్డు మీద కరాచీ మాటను కప్పుకోవలసి వచ్చింది. 2025 మే నెలలో శంషాబాద్ శాఖ బోర్డు మీద దాడి జరిగింది. ఇల్లూ ఊరూ కోల్పోయి వచ్చిన హిందువు జ్ఞాపకం కూడా ఈ చూపు ముందు ముద్దాయే.

2024 జూలైలో ముజఫర్‌నగర్ పోలీసులు కావడి యాత్ర దారిలోని హోటళ్ళు, బండ్లు యజమానుల పేర్లు రాసి పెట్టాలన్నారు. తరువాత ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం దాన్ని రాష్ట్రమంతటా యాత్ర దారులకు వర్తింపజేసింది. అంటే రికార్డులోని పేరును తెచ్చి బోర్డుకెక్కించడం. జూలై 22న సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. ఏం వండుతున్నారో చెప్పమనవచ్చుగానీ యజమాని, పనివాళ్ళ పేర్లు చెప్పమని బలవంతపెట్టరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి మన మదనపల్లెకు చెందినవారు. కేరళలో ఉన్నప్పుడు తన ఊళ్ళో హిందువుదొకటి, ముస్లింది ఒకటి రెండు శాకాహార హోటళ్ళుండేవనీ, శుభ్రత బాగుందని తాను ముస్లిం హోటల్‌కే వెళ్ళేవాడిననీ విచారణలో చెప్పారు. తినేవాడికి కావలసింది ఏమిటో ఆ ఒక్క ముక్కలో ఉంది. 2025 జూలైలో మాత్రం క్యూఆర్ కోడ్‌ల మీద వచ్చిన దరఖాస్తులో కోర్టు మిగతా వివాదంలోకి పోలేదు. చట్టం ప్రకారం ఉండాల్సిన లైసెన్సు, రిజిస్ట్రేషన్ పత్రాలు ప్రదర్శించాలని మాత్రం చెప్పింది. లైసెన్సు కాగితం మీద పేరు ఎటూ ఉంటుంది.

నిజానికి 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడే బోర్డుకూ రికార్డుకూ మధ్య గోడ పలచబడింది. ఆ దరఖాస్తులో లీగల్ నేమ్, ట్రేడ్ నేమ్ అని రెండు గళ్ళు ఉంటాయి. మొదటిది పాన్ కార్డులో ఉన్నట్టే ఉండాలి. రెండోది మన ఇష్టం. ఇచ్చిన నంబరును కొట్టు ముందరి బోర్డు మీద రాయాలి. ఆ నంబరును ఆ శాఖ వెబ్‌సైట్‌లో కొడితే రెండు పేర్లూ తెర మీదకొస్తాయి. పన్ను ఎగవేత ఆపడానికి అది మంచి ఏర్పాటే, కాదనం. కానీ పారదర్శకత అనే మాట బలవంతుడికీ బలహీనుడికీ ఒకేలా పనిచేయదు.

ఆ మొదటి గడి నింపడమే మనకు ఒక యుద్ధం. ఉర్దూలో మొహమ్మద్ అంటే మీమ్, హే, మీమ్, దాల్, నాలుగే అక్షరాలు. తెలుగులో, ఇంగ్లీషులో రాసేసరికి ఒక కార్డులో పూర్తిగా, ఒక కార్డులో రెండక్షరాల పొడిగా, ఒక కార్డులో ఇంకో వర్ణక్రమంలో తేలుతుంది. ఫారంలో ఇంటిపేరు అని గడి ఉంటుంది. షేక్, సయ్యద్, పఠాన్ అలా ఇంటిపేర్లయి కూర్చున్నాయి. తండ్రికి మొహమ్మద్, కొడుకుకు షేక్ అయితే ఇద్దరూ ఒక ఇంటివాళ్ళని రుజువు చేసుకోవాలి. కొత్తగా వ్యాపారం రిజిస్టరు చేసుకునే మన పిల్లలు ముందు ఆధార్, పాన్, బ్యాంకు ఖాతాల్లో తమ పేరు ఒకే వర్ణక్రమంలో పెట్టుకోవాలి. బోర్డు మీది పేరు తరువాతి మాట. భాగస్వాములుంటే దస్తావేజు రాసుకుని రిజిస్టరు చేయించుకోవాలి. పేరు మీద అభిమానముంటే ట్రేడ్ మార్కుకు అర్జీ పెట్టుకోవాలి. చట్టం ఇచ్చినదాన్ని వాడుకోకుండా చట్టం మనది కాదనుకోవడం మనకు మనం చేసుకునే నష్టం.

బోర్డు ఏ లిపిలో ఉండాలన్నది కూడా పేరులో భాగమే. మన షాపుల నిబంధనలు తెలుగు ఉండాలంటాయి. ఉండాలి, అది మన భాష. పక్కన ఉర్దూ ఉంటే ఎవరి సొమ్మూ పోదు. మహారాష్ట్రలోని పాతూరు మునిసిపాలిటీ బోర్డు మీద ఉర్దూ తీసేయాలని వేసిన కేసులో 2025 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఉర్దూ ఈ గడ్డ మీద పుట్టిన భాషేననీ, భాషకు మతం అంటగట్టరాదనీ తేల్చింది. మన తెలుగు వ్యాపారి నోరు ఆ మాట ఎప్పుడో చెప్పింది. దుకాణం, జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, గుమాస్తా, హామీ, దస్తావేజు, అర్జీ. అరబ్బీ నుంచీ ఫారసీ నుంచీ ఉర్దూ మీదుగా వచ్చి తెలుగయిపోయిన ఈ మాటలు తీసేస్తే తెలుగు బజారులో లెక్క సాగదు. మాటలన్నీ ఇంటివయ్యాయి, ఆ మాటలు తెచ్చిన మనిషి పేరు మాత్రం పరాయిదైంది.

అందరూ మదీనా అనో, బిస్మిల్లా అనో పేరు పెట్టుకోవాలని నేను చెప్పడం లేదు. ఎవరూ పెట్టుకోవద్దనీ చెప్పడం లేదు. స్టార్ అని పెట్టుకునేవాడు ఆ మాట నచ్చి పెట్టుకోవాలి. బిస్మిల్లా అని పెట్టుకునేవాడు షట్టరు దించి ఇంటికి వెళ్ళి నిశ్చింతగా నిద్రపోవాలి. మన పేరు పన్ను కోసం అడిగే హక్కు సర్కారుకు ఉంది. సరుకు నాణ్యత కోసం అడిగే హక్కు గిరాకీకి ఉంది. మనిషిని వెలివేయడం కోసం అడిగే హక్కు ఎవరికీ లేదు. రికార్డులో రాసుకున్న పేరును బోర్డు మీద రాసుకోవడానికి ఒక పౌరుడు భయపడినంత కాలం, ఆ రికార్డు అతణ్ణి పౌరుడిగా గుర్తించినట్టు కాదు, కనిపెట్టి ఉంచినట్టు.